ర్యాపర్ పావ్లోస్ ఫీసాస్ హత్య: హంతకుడు అక్కడికక్కడే దొరికినా విచారణకి ఐదున్నరేళ్లు ఎందుకు పట్టింది?

2013 సెప్టెంబర్ 17 రాత్రి. గ్రీస్‌లో పిరేయస్ రేవుని ఆనుకుని ఉండే కెరత్సీని అనే పేట. పావ్లోస్ ఫీసాస్ అనే ర్యాపర్‌ని నడివీధిలో కత్తితో పొడిచారు. అతనికి అప్పుడు 34 ఏళ్లు. రక్తం ఓడుతూనే, తనని పొడిచింది ఫలానా మనిషని పోలీసులకి చూపించాడు. వాళ్లు అక్కడికక్కడే అతన్ని పట్టుకున్నారు. పేరు యోర్గోస్ రుపాకియాస్. పొడిచింది తనేనని తరవాత ఒప్పుకున్నాడు. అర్ధరాత్రి దాటాక ఫీసాస్ ప్రాణం పోయింది.

హంతకుడు దొరికాడు. ఒప్పుకున్నాడు. సాక్షులు బోలెడుమంది. ఇలాంటి కేసు ఏడాదిలోనో రెండేళ్లలోనో తేలిపోవాలి. కానీ 2015 ఏప్రిల్ 20న మొదలైన విచారణ 2020 అక్టోబర్ 7 దాకా సాగింది. కోర్టు 450కి పైగా సార్లు కూర్చుంది. ముద్దాయిలు 68 మంది. వాళ్లలో గ్రీస్ పార్లమెంటులో సీట్లు గెలిచిన గోల్డెన్ డాన్ అనే పార్టీ అధ్యక్షుడున్నాడు, ఆ పార్టీ టికెట్ మీద గెలిచిన ఎంపీలున్నారు.

ఈ కేసు గురించి రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. ఒకటి, ర్యాపర్‌ని చంపించినందుకు పార్టీ అధ్యక్షుడికి శిక్ష పడిందని. రెండు, ఆ పార్టీని కోర్టు నిషేధించిందని. రెండూ నిజం కాదు. మరి నిజంగా ఏం తేలింది? అది అర్థం కావాలంటే ముందు ఆ పాటగాడి దగ్గరికి, అతను పుట్టి పెరిగిన రేవు పేటల దగ్గరికి వెళ్లాలి.

పడవల యార్డుల నుంచి వచ్చిన గొంతు

ఫీసాస్ 1979 ఏప్రిల్ 10న పుట్టాడు. పిరేయస్‌కి పడమరగా నికేయా, కెరత్సీని, పెరమ అని వరసగా పేటలుంటాయి. అక్కడి జనానికి తరాలుగా అన్నం పెట్టింది పెరమ తీరాన ఉన్న ఓడల మరమ్మతు యార్డులు. ఫీసాస్ కూడా అక్కడ లోహపు పని చేశాడు, లోహ కార్మికుల సంఘంలో సభ్యుడు. పగలు యార్డు, రాత్రి మైకు.

వేదిక మీద అతని పేరు కిల్లా పి. వినగానే హంతకుడి పేరులా అనిపిస్తుంది. అతని లెక్కలో మాత్రం అది 'గతాన్ని చంపేవాడు' అని. చనిపోయాక విదేశీ పత్రికలు 'ప్రసిద్ధ ఫాసిస్టు వ్యతిరేక ర్యాపర్' అని రాశాయి. ఫాసిస్టు వ్యతిరేకి అన్నది నిజం. ప్రసిద్ధుడన్నది చావు తరవాత వచ్చిన మాట. బతికున్నప్పుడు అతను టీవీల్లో కనిపించే తార కాదు. 1990ల చివరి నుంచి చిన్న వేదికల మీద, సంఘాల కచేరీల్లో పాడుతూ, రేవు పేటల కుర్రాళ్లకి బాగా తెలిసిన మనిషి, అంతే. ఆ తేడా నాకు ముఖ్యమనిపిస్తుంది. గోల్డెన్ డాన్ వాళ్లు అతన్ని లక్ష్యంగా చేసుకున్నది పెద్ద పేరు ఉన్నందుకు కాదు, తమ పేటలో తమకి ఎదురుగా నిలబడినందుకు.

అతని పాట తెలియాలంటే 'లో బ్యాప్' అనే మాట తెలియాలి. న్యూయార్క్ ర్యాప్‌లో డ్రమ్ము దరువు గట్టిగా దద్దరిల్లే శైలిని 'బూమ్ బ్యాప్' అంటారు. దానికి ఎదురుగా గ్రీకులు నెమ్మదిగా నడిచే తాళంతో, మాటకి ఎక్కువ చోటిచ్చే శైలి ఒకటి కట్టుకుని దానికి లో బ్యాప్ అని పేరు పెట్టుకున్నారు. దీన్ని మొదలుపెట్టిన యాక్టివ్ మెంబర్ బృందం 1992లో పుట్టింది ఆ పెరమలోనే. డబ్బు, కార్లు, గొలుసుల గొప్పలు ఈ పాటల్లో ఉండవు. జీతం, నిరుద్యోగం, పోలీసులు, ఒంటరితనం ఉంటాయి. ఫీసాస్ ఆ గాలి పీల్చి పెరిగాడు.

హిప్‌హాప్‌తో గ్రీకుల బంధం ఇంకా పాతది. గోడల మీద రాతలు కూడా హిప్‌హాప్ సంస్కృతిలో భాగమే కదా. 1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ ఒక వార్త వేసింది. నగరమంతా గోడల మీద, రైళ్లలో 'టాకీ 183' అని రాసి పోతున్న కుర్రాడి గురించి. 183వ వీధిలో ఉండే ఆ కుర్రాడు గ్రీకు వలస కుటుంబం వాడు. దిమిత్రీస్‌ని ముద్దుగా పిలిస్తే దిమిత్రాకి, దాన్ని ఇంకా కుదిస్తే టాకీ. అట్లాంటిక్ అవతల ఒక గ్రీకు పిల్లాడు తన వీధి నంబరుని ఊరంతా చాటిన నలభై ఏళ్లకి, ఇవతల ఒక గ్రీకు ర్యాపర్ తన వీధుల్లో ఎవరు తిరగాలో తేల్చే హక్కు మీకెవరిచ్చారని అడుగుతున్నాడు.

ఫీసాస్ పాటల్లో ఈరోజు అందరి నోళ్లలో నానేది 'సిగా మిన్ క్లాప్సో'. గ్రీకు నుడికారంలో దాని అర్థం దాదాపు 'నేనేడుస్తానా ఏంటి!' అని. ఏడవను అని చెప్పడం వేరు, ఏడుస్తానా ఏంటి అని ఎదురు అడగడం వేరు. ఆ పెంకితనం అతని గొంతులోనే ఉంది.

ఆ పేటల్లోకి 'బంగారు వేకువ' ఎలా వచ్చింది

గోల్డెన్ డాన్ అంటే బంగారు వేకువ. గ్రీకులో హ్రిసి అవ్గి. నికోస్ మిహలోలియాకోస్ అనే ఆయన నడిపిన నయా నాజీ పార్టీ. దాని మూలాలు 1980లో వచ్చిన అదే పేరు గల పత్రికలో ఉన్నాయి. దాదాపు ముప్పై ఏళ్లు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2009 పార్లమెంటు ఎన్నికల్లో దానికి వచ్చిన ఓట్లు 0.29 శాతం.

తరవాత అప్పుల సంక్షోభం వచ్చింది. జీతాలు, పింఛన్లు కోశారు. 2013 నాటికి గ్రీస్‌లో నిరుద్యోగం 27 శాతం దాటింది. యార్డుల్లో పని లేదు. 2012 మే ఎన్నికల్లో అదే పార్టీకి 6.97 శాతం ఓట్లు, 21 సీట్లు వచ్చాయి. జూన్‌లో మళ్లీ ఎన్నికలు జరిగితే 18 సీట్లు నిలబెట్టుకుంది.

ఓట్లతో పాటు వీధుల్లో దళాలు కూడా పెరిగాయి. నల్ల చొక్కాలు, మోటారు సైకిళ్లు, కర్రలు. 2012 జూన్‌లో ఒక రాత్రి పెరమలో ఈజిప్టు నుంచి వచ్చిన మత్స్యకారుల ఇంటి మీద పడ్డారు. ఉక్కపోతకి డాబా మీద పడుకున్న ఒకతన్ని ఇనుప రాడ్లతో కొట్టి దవడ విరగ్గొట్టారు. 2013 జనవరిలో ఏథెన్స్‌లోని పెత్రలోనాలో, తెల్లవారక ముందే సైకిల్ మీద పనికి పోతున్న 27 ఏళ్ల పాకిస్తానీ కార్మికుడు షాజాద్ లుక్మాన్‌ని బైకు మీద వచ్చిన ఇద్దరు పొడిచి చంపారు. నిందితుల్లో ఒకరి ఇంట్లో ఈ పార్టీ కరపత్రాలు దొరికాయి. 2013 సెప్టెంబర్ 12న మళ్లీ పెరమలోనే, పోస్టర్లు అంటిస్తున్న కమ్యూనిస్టు కార్మిక సంఘం వాళ్ల మీద దాడి చేశారు. సరిగ్గా ఐదు రోజులకి ఫీసాస్ వంతు వచ్చింది.

ఒక్కొక్కటిగా చూస్తే ఇవన్నీ వేరు వేరు కేసులు. వేరే పోలీసు స్టేషను, వేరే ఫైలు, వేరే నిందితుడు. ఇదే అసలు చిక్కు.

ఆ రాత్రి ఫోన్లు చెప్పిన కథ

ఆ సాయంత్రం పిరేయస్‌లో ఒలింపియాకోస్, పారిస్ సెయింట్ జర్మెయిన్ జట్ల మధ్య చాంపియన్స్ లీగ్ మ్యాచ్ జరుగుతోంది. ఫీసాస్ తన స్నేహితులతో, ప్రేయసితో కలిసి కెరత్సీనిలోని కోరాలి అనే కఫేలో టీవీలో చూస్తున్నాడు. ఒలింపియాకోస్ 4-1తో ఓడిపోయింది. అదే కఫేలో గోల్డెన్ డాన్ మనుషులు కూడా ఉన్నారు. ఫీసాస్ అక్కడ ఉన్నాడన్న కబురు పార్టీ నికేయా శాఖకి చేరింది.

ఆ శాఖ పెద్ద యోర్గోస్ పతేలిస్. సభ్యుల ఫోన్లకి మెసేజ్ వెళ్లింది. దగ్గర్లో ఉన్నవాళ్లంతా ఉన్నపళంగా ఆఫీసుకి రావాలి, దూరంగా ఉన్నవాళ్ల కోసం ఆగేది లేదు అని దాని సారాంశం. మనుషులు పోగయ్యారు, వరసగా బండ్ల మీద కెరత్సీనికి కదిలారు. కఫే నుంచి బయటికొచ్చిన ఫీసాస్ బృందాన్ని చుట్టుముట్టారు. రుపాకియాస్ కారులో ఎదురు దిశలో వచ్చి, దిగి, పొడిచాడు. మోటారు సైకిళ్ల మీద తిరిగే పోలీసు దళం వాళ్లు ఆ వీధిలోనే ఉన్నారు.

ఈ మెసేజ్ ఎందుకంత కీలకమో ఒక ఉదాహరణతో చూద్దాం. నలుగురు స్నేహితులు తాగి గొడవపడి ఎవరినో పొడిచారనుకోండి. అది హత్య. పొడిచినవాడూ, పట్టుకున్నవాడూ దోషులు. కేసు అక్కడితో ఆగుతుంది. ఇప్పుడు ఆ నలుగురికీ ఒక ఆఫీసు ఉందనుకోండి. ఫోన్ మోగితే మారుమాట లేకుండా వచ్చే అలవాటుంది. పిలిచేవాడికి పైన ఇంకొకడున్నాడు, అతనికి పైన మరొకడు. ఇలాంటిది ఇదివరకు జరిగింది, రేపూ జరుగుతుంది. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న మారిపోయింది. కత్తి ఎవరి చేతిలో ఉందన్నది ఒక్కటే సరిపోదు, ఆ చెయ్యి ఎవరు చెబితే కదిలిందో చూడాలి.

గ్రీకు శిక్షాస్మృతిలో 187వ అధికరణం దీని కోసమే ఉంది. ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది, ఒక నిర్మాణంతో, నిలకడగా, పెద్ద నేరాలు చేసే ఉద్దేశంతో నడిపే గుంపు 'నేర సంస్థ'. అందులో చేరడమే ఒక నేరం. దాన్ని నడపడం అంతకన్నా పెద్ద నేరం. నడిపినవాడు ఫలానా రాత్రి ఫలానా వాణ్ణి చంపమని చెప్పాడని విడిగా రుజువు చేయనక్కర్లేదు. కానీ ఆ గుంపు అలాంటిదని, దాని పగ్గాలు అతని చేతిలో ఉన్నాయని రుజువు చేయాలి. ఐదున్నరేళ్లు పట్టింది దీనికే.

ముప్పై రెండు ఫైళ్లు ఒక్క కట్టగా

హత్య జరిగిన రోజుల్లోనే అప్పటి ప్రజా రక్షణ మంత్రి నికోస్ దెందియాస్, గోల్డెన్ డాన్ వాళ్లకి సంబంధం ఉందంటున్న 32 కేసుల దస్త్రాన్ని సుప్రీంకోర్టు ప్రాసిక్యూటర్‌కి పంపాడు. సెప్టెంబర్ 28న మిహలోలియాకోస్‌నీ, కొందరు ఎంపీలనీ అరెస్టు చేశారు. హత్యకీ ఈ అరెస్టులకీ మధ్య పదిరోజులు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఆ 32 కేసులు సెప్టెంబర్ 17 రాత్రి పుట్టినవి కావు. అవి అప్పటికే పోలీసు బీరువాల్లో ఉన్నాయి. బాధితుల్లో చాలామంది వలస కార్మికులు. చనిపోయింది గ్రీకు కుర్రాడయ్యాకే వాటికి కదలిక వచ్చిందని గ్రీస్‌లోనే ఎంతోమంది బాధతో అన్నారు. ఆ మాటని తోసిపుచ్చే ఆధారం నాకు కనపడదు.

అరెస్టుల నెల తిరగ్గానే ఇంకో ఘోరం జరిగింది. నవంబర్ 1న నియో ఇరాక్లియో అనే పేటలో పార్టీ ఆఫీసు ముందు ఇద్దరు గోల్డెన్ డాన్ కుర్రాళ్లని తుపాకీతో కాల్చి చంపారు. ఒక సాయుధ వామపక్ష గుంపు అది తమ పనేనని ప్రకటించుకుంది. కోర్టు దాకా వెళ్లకుండా వీధిలోనే లెక్క తేల్చుకుంటే ఏమవుతుందో దేశం చూసింది.

ఇక జాప్యం. గ్రీస్‌లో తీర్పు రాకముందు ఎవరినైనా 18 నెలలకి మించి నిర్బంధించడానికి రాజ్యాంగం ఒప్పదు. దాంతో నాయకులు తీర్పుకి చాలా ముందే బయటికొచ్చారు. రుపాకియాస్‌ని కూడా 2016 మార్చిలో జైలు నుంచి గృహ నిర్బంధానికి మార్చారు. హంతకుణ్ణి వదిలేశారని జనం మండిపడ్డారు. చట్టం ప్రకారం అది విడుదల కాదు, గడువు. అయినా కొడుకుని పోగొట్టుకున్న తల్లికి ఆ తేడా చెప్పి ఒప్పించగలమా? ఆ తల్లి మాగ్దా ఫీసా విచారణ పొడుగునా దాదాపు ప్రతిరోజూ కోర్టుకి వచ్చి కూర్చుంది. ముద్దాయిల ఎదురుగా.

గ్రీకు పద్ధతిలో బాధిత కుటుంబాలు తమ లాయర్ల ద్వారా క్రిమినల్ విచారణలో నేరుగా పాల్గొనవచ్చు. సాక్షుల్ని ప్రశ్నించవచ్చు, ఆధారాలు పెట్టవచ్చు. ఫీసాస్ కుటుంబం, ఈజిప్టు మత్స్యకారులు, కార్మిక సంఘం వాళ్లు ముగ్గురి లాయర్లూ ఒకే హాల్లో కూర్చోవడం వల్లే విడివిడి దాడుల మధ్య పోలిక బయటపడింది. అదే పిలుపు, అదే పోగవడం, అదే బండ్ల వరస. లండన్‌లోని ఫోరెన్సిక్ ఆర్కిటెక్చర్ అనే పరిశోధన బృందం, కుటుంబం కోరిక మీద సీసీ కెమెరాల దృశ్యాలని, రేడియో రికార్డింగులని నిమిషాల వారీగా పేర్చి 2018లో ఒక వీడియో తయారు చేసింది. దాన్ని కోర్టులో చూపించారు. పొడిచే సమయానికే పోలీసులు అక్కడున్నారని కూడా అది వాదించింది.

ప్రాసిక్యూటర్ ఎందుకు వద్దంది?

2019 డిసెంబర్‌లో ప్రాసిక్యూటర్ ఆదమంతియా ఇకోనోము తన వాదన వినిపిస్తూ, రుపాకియాస్ హత్య చేశాడు కానీ పార్టీ నాయకత్వం నేర సంస్థని నడిపిందనడానికి రుజువు లేదు, ఆ ఆరోపణ నుంచి వాళ్లని విడిచిపెట్టాలి అంది. ఆమె మాటల్లో సారం ఇది: దాడులు జరిగాయి, కానీ అవి విడి ఘటనలు. పైనుంచి ఆదేశం వచ్చిందని చూపే కాగితం గానీ సాక్ష్యం గానీ లేదు.

ఈ వాదనని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. క్రిమినల్ చట్టంలో అనుమానం చాలదు. ఒక పార్టీ సిద్ధాంతం ఎంత హేయమైనదైనా, సిద్ధాంతానికి శిక్ష వేయలేం. ఇవాళ ఈ పార్టీ మీద వాడిన పనిముట్టు రేపు ఏ ప్రభుత్వమైనా తనకి నచ్చని పార్టీ మీద వాడొచ్చన్న భయం కూడా ఊరికే పుట్టినది కాదు. డిఫెన్స్ లాయర్లు ఇంకో మెలిక పెట్టారు: నేర సంస్థ అంటే మాఫియాలా డబ్బు కోసం నడిచేది కావాలి, ఐక్యరాజ్యసమితి పాలెర్మో ఒప్పందం అలాగే నిర్వచించింది, రాజకీయ పార్టీకి అది వర్తించదు అని.

బాధితుల లాయర్ల జవాబు వేరే దిక్కు నుంచి వచ్చింది. ఈ పార్టీని నడిపే సూత్రమే నాయకుడి మాట. హిట్లర్ పార్టీ నుంచి తెచ్చుకున్న పద్ధతి అది. కింది శాఖ పై అనుమతి లేకుండా అడుగు వేయదు. అలాంటి చోట రాతపూర్వక ఆదేశం కోసం వెతకడం అర్థం లేని పని. హత్య రాత్రి శాఖ పెద్ద పతేలిస్‌కీ, ఆ ప్రాంతం బాధ్యుడైన ఎంపీ యానిస్ లాగోస్‌కీ మధ్య ఫోన్లు నడిచాయి. పార్టీ మొదట రుపాకియాస్‌తో తమకి సంబంధమే లేదంది. తరవాత పార్టీ కార్యక్రమాల్లో అతని ఫోటోలు బయటికొచ్చాయి.

మిహలోలియాకోస్ స్వయంగా అన్న మాట ఒకటుంది. 2015 సెప్టెంబర్‌లో, ఎన్నికల ముందు, రేడియోలో మాట్లాడుతూ హత్యకి తాము రాజకీయ బాధ్యత వహిస్తాం, నేర బాధ్యత మాత్రం లేదన్నాడు. నేరం చేసినవాడు మావాడే కానీ చేయించింది మేం కాదు అన్నది ఆ మాట అర్థం. రాజకీయ బాధ్యతకి శిక్ష వేసేది ఓటరు, నేర బాధ్యతకి శిక్ష వేసేది కోర్టు. ఆ ఎన్నికల్లో ఓటర్లు ఆ పార్టీకి 6.99 శాతం ఓట్లిచ్చారు.

తీర్పు ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

2020 అక్టోబర్ 7న ఏథెన్స్ కోర్టు బయట వేలమంది నిలబడి ఉండగా, న్యాయమూర్తి మరియా లెపెనియోతి అధ్యక్షతన ఉన్న ధర్మాసనం ప్రాసిక్యూటర్ వాదనని పక్కన పెట్టింది. గోల్డెన్ డాన్ ఒక నేర సంస్థ అని తేల్చింది. మిహలోలియాకోస్‌తో కలిపి ఏడుగురు నాయకులు ఆ సంస్థని నడిపినందుకు దోషులు. వాళ్లలో ఆరుగురికి దాదాపు 13 ఏళ్ల చొప్పున, ఏడో అతనికి 10 ఏళ్ల జైలు పడింది. రుపాకియాస్‌కి యావజ్జీవం, పైన 14 ఏళ్లు. అతని వెంట వచ్చిన పలువురికి హత్యలో సహకరించినందుకు శిక్షలు పడ్డాయి.

చూడండి: మిహలోలియాకోస్‌కి శిక్ష పడింది ఫీసాస్‌ని చంపించినందుకు కాదు. చంపడం పనిలో భాగంగా పెట్టుకున్న యంత్రాన్ని నడిపినందుకు. కోర్టు దృష్టిలో ఫీసాస్ హత్య ఆ యంత్రం పనిచేస్తోందనడానికి అన్నిటికన్నా స్పష్టమైన రుజువు.

పార్టీ నిషేధం సంగతి. గ్రీకు రాజ్యాంగంలో పార్టీని నిషేధించే ఏర్పాటు లేదు. సైనిక నియంతృత్వం చూసిన దేశం అది, కావాలనే ఆ తలుపు తెరవలేదు. కాబట్టి కోర్టు మనుషుల్ని శిక్షించింది తప్ప పార్టీ పేరు కొట్టేయలేదు. నిజానికి పార్టీని పార్లమెంటు నుంచి తోసింది ఓటర్లు. 2019 జూలైలో 2.93 శాతం వచ్చి, 3 శాతం గీతకి కాస్త కింద ఆగిపోయింది.

నిషేధం లేకపోవడం వల్ల వచ్చిన చిక్కు వెంటనే కనపడింది. దోషుల్లో ఒకడైన ఇలియాస్ కసిదియారిస్ తీర్పుకి కొన్ని నెలల ముందే పెట్టుకున్న కొత్త పార్టీని జైలు నుంచే నడిపాడు. 2023లో పార్లమెంటు చట్టం సవరించింది. అలాంటి శిక్ష పడినవాడు తెర వెనక నాయకుడిగా ఉన్న పార్టీకి ఎన్నికల్లో పోటీ చేసే అర్హత లేదని. ఆ లెక్కన సుప్రీంకోర్టు అతని పార్టీని బరిలోంచి తప్పించింది. అతను వెంటనే స్పార్టన్స్ అనే ఇంకో చిన్న పార్టీకి మద్దతు ప్రకటించాడు. జూన్ ఎన్నికల్లో ఆ పార్టీ 12 సీట్లు గెలిచింది. ఒక వర్గం దీన్ని చూసి నిషేధాలు పనికిరావంటుంది. ఇంకో వర్గం సగం నిషేధం పనికిరాదంటుంది. ఇద్దరి చేతిలోనూ ఉన్న ఉదాహరణ ఒకటే.

శిక్ష పడ్డవాళ్లలో క్రిస్తోస్ పప్పాస్ తీర్పు తరవాత పరారై 2021 జూలైలో దొరికాడు. లాగోస్ అప్పటికి యూరోపియన్ పార్లమెంటు సభ్యుడు. అరెస్టు నుంచి సభ్యులకుండే చట్టపరమైన రక్షణని ఆ సభ అతనికి తొలగించాకే బ్రస్సెల్స్‌లో అరెస్టు చేసి తీసుకొచ్చారు. అప్పీళ్ల విచారణ 2022 జూన్‌లో మొదలైంది.

ఫీసాస్ పడిపోయిన వీధికి ఇప్పుడు అతని పేరే. పక్కనే స్మారకం ఉంది. ఏటా సెప్టెంబర్ 18న జనం పూలతో వస్తారు, ఎవరో ఒకరు ఆ 'నేనేడుస్తానా ఏంటి' పాట పెడతారు. తీర్పు రోజు మాగ్దా కోర్టు మెట్ల మీద చేతులు పైకెత్తి, నువ్వు సాధించావు కొడకా అని అరిచిన దృశ్యం గ్రీస్‌లో ఇంటింటా చూశారు.

అదే రోజు, అదే హాల్లో మరో తీర్పు కూడా చదివారు. 2012 జూన్‌లో పెరమలో డాబా మీద నిద్రపోతున్న ఈజిప్టు మత్స్యకారుణ్ణి చంపబోయినందుకు ఐదుగురు దోషులు. దవడ విరిగిన ఎనిమిదేళ్లకి.